ఎవరూ నవ్వడం లేదని ఒక ఫిర్యాదు

ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను ఎక్కువగా చేసిన పని పుస్తకాల వీపుమీద స్టిక్కర్లు అంటించడం. ఇలా చెబితే మా ఇంట్లో వాళ్ళకే నామోషీ. "లైబ్రేరియన్ అని చెప్పొచ్చుగా" అంటారు మా వారు. చెప్పొచ్చు, దానికి కావలసిన మాస్టర్స్ డిగ్రీ కూడా ఉంది. కానీ న్యూజెర్సీలో ఒక చిన్న ఊరి పబ్లిక్ లైబ్రరీ వెనక గదిలో, కేటలాగింగ్ అనే పెద్ద పేరు పెట్టుకుని నేను చేసిన దాంట్లో సగం అదే. కొత్త నవల వస్తుంది, అది ఏ జాతిదో తేల్చాలి, వీపున ఒక స్టిక్కరు వెయ్యాలి, ఆ స్టిక్కరు చెప్పిన అరలోకి పంపాలి.

ఇప్పుడు రిటైరయ్యాను. సాయంత్రాలు ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల చుట్టూ వాకింగ్ చేస్తుంటే, ఎమ్మెస్ చదువుతున్న పిల్లలు పలకరిస్తుంటారు. "లైబ్రరీ జాబ్ అంటే సూపర్ కదా ఆంటీ, స్ట్రెస్ ఉండదు, డెడ్‌లైన్స్ ఉండవు" అంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నాయనా, నేను చేసిన ఒక్క తెలివైన పని వల్ల మా లైబ్రరీకి పోలీసు కారు వచ్చింది.

ముందు స్టిక్కర్ల సంగతి చెప్పాలి. ఒకప్పుడు నవలలన్నిటినీ రచయిత పేరు వరసలో పెట్టేవాళ్ళం. కొత్తగా వచ్చిన డైరెక్టరమ్మ, సూపర్‌మార్కెట్‌లో పప్పులు ఒకచోట, సబ్బులు ఒకచోట ఉంటేనే జనం కొంటారని చెప్పి, నవలలనీ అలా విడదీయించారు. హత్యలకి భూతద్దం, ప్రేమకి ఎర్ర గుండె, హాస్యానికి పసుపుపచ్చ నవ్వు మొహం, యూదుల జీవితం మీద రాసిన నవలలకి నీలం రంగు ఆరు మూలల నక్షత్రం. పుస్తకానికి ఒక్క స్టిక్కరే. రెండు వేస్తే ఏ అరలో పెట్టాలో తెలియదు కదా. ప్రేమించి హత్య చేస్తే భూతద్దమే.

ఇండియా వాళ్ళు రాసిన నవలలకి ఏనుగు బొమ్మ వేద్దామని ఒకసారి మీటింగులో ప్రతిపాదన వచ్చింది. నేను ఒక వారం ఎవరితోనూ మాట్లాడకుండా పనిచేశాను. ఏనుగును మానేశారు.

మా లైబ్రరీ ఉన్న ఊళ్ళో యూదు కుటుంబాలు చాలా ఎక్కువ, కాబట్టి నక్షత్రం అర పెద్దది. ఆ అరలోకి పంపుతూ పంపుతూ అక్కడో పేజీ ఇక్కడో పేజీ చదివేదాన్ని. సగానికి సగం నవ్వు తెప్పించేవే. తల్లి పోరు, తిండి గోల, పెళ్ళిళ్ళలో అలకలు, దేవుడితో కొట్టువాడితో మాట్లాడినట్టు బేరాలు. చదువుతుంటే తెనాలిలో మా పెద్దమ్మగారిల్లు గుర్తొచ్చేది. "వీటికి నవ్వు మొహం వేద్దామా?" అని అడిగాను ఒకసారి. డైరెక్టరమ్మ ఓపిగ్గా వివరించారు. యూదుతనం అంటే విషయం, నవ్వంటే ధోరణి, విషయానికే స్టిక్కరు. దాంతో నవ్వుల అరలో ఒక్క యూదు పుస్తకం లేదు, యూదు అరలో ఒక్క నవ్వు లేదు. పైగా ఆ అరకి ఒకపక్క యుద్ధకాలపు జ్ఞాపకాలు, ఇంకోపక్క ఆప్తులు పోయినవాళ్ళకి ధైర్యం చెప్పే పుస్తకాలు. అక్కడికి వచ్చేవాళ్ళు నాలుగడుగుల దూరం నుంచే గొంతు తగ్గించేసేవారు.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. ఎనభై దాటిన ఆయన. తుంటి ఆపరేషన్ అయి చేతికర్రతో నడుస్తున్నారు. ఒక మంగళవారం నా గది తలుపు దగ్గర నిలబడి, నా బల్ల పక్కనున్న తోపుడు బండి వైపు కర్ర చూపించి, "అందులో ఉన్నది నేను" అన్నారు. ఆయన ఇంగ్లీషులోనే అన్నారు గానీ, ఆయన మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తుండిపోయాయి. ఎందుకో నాకూ తెలియదు.

ఆ బండి మీదవి తీసేయబోయే పుస్తకాలు. లైబ్రరీలో కలుపు తీత అని ఒకటి ఉంటుంది. మూడేళ్ళపాటు ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాల జాబితాను కంప్యూటరే ఇస్తుంది. వాటిని పాత పుస్తకాల అమ్మకానికి పెడతాం, అక్కడా ఎవరూ కొనకపోతే రీసైక్లింగ్ డబ్బాలో పడతాయి. పంట ఏదో కలుపు ఏదో తేల్చేది యంత్రం కాబట్టి మాకు పాపం అంటదని మా నమ్మకం.

ఆయన జిప్పుల వ్యాపారం చేసి మానేసిన మనిషి. నలభై ఏళ్ళ కిందట ఒక నవల రాశారు. అదొక్కటే. ఇన్నేళ్ళూ మా లైబ్రరీలో అది బతికి ఉందంటే కారణం ఆయనే. మూడేళ్ళు నిండబోతుంటే వచ్చి, తన కార్డు మీద తన పుస్తకం తనే తీసుకెళ్ళి, రెండు వారాలకి తెచ్చి ఇచ్చేసేవారట. ఈసారి ఆపరేషన్ వల్ల ఆలస్యమైంది.

"మీ ఇంట్లో కాపీ లేదా?" అన్నాను.

"పదకొండున్నాయి. నేను తీసుకెళ్ళేది చదవడానికి కాదు, దానికి ఊపిరి పొయ్యడానికి."

కుర్చీ చూపిస్తే కూర్చున్నారు. కర్ర ఒళ్ళో పెట్టుకున్నారు. "నాకో సాయం కావాలి. దాన్ని నవ్వుల అరలోకి మార్చండి. అది నవ్వుల పుస్తకం. నేను హాస్యం రాశాను. మీరు నక్షత్రం వేశారు. ఆ అర దగ్గరికి వచ్చేవాళ్ళు ఏడవడానికి సిద్ధపడి వస్తారు. నలభై ఏళ్ళలో ఒక్కడు నవ్వలేదు. లోతుగా ఉందంటారు. గుండె పిండేసిందంటారు. ఒకావిడ నా రెండు చేతులూ పట్టుకుని, 'ఎంత అనుభవించి ఉంటారో' అంది. నేనేం అనుభవించలేదమ్మా, జిప్పులు అమ్ముకున్నాను!"

నాకు నవ్వొచ్చింది. ఆయన ఆశగా చూశారు. "ఇప్పుడు నేను అన్నదానికి కాదు. పుస్తకానికి. పోయేలోపు ఒక్కరంటే ఒక్కరు నా కళ్ళముందు దానికి నవ్వాలి. ఇంకేం అక్కర్లేదు నాకు."

ఆ మాట ఆయన అడుక్కున్నట్టుగా అనలేదు. కోపంగా అన్నారు. అందుకే నాకు ఆయన మీద జాలికంటే అభిమానం ముందు కలిగింది.

పిల్లలూ, ఇక్కడ నా తప్పు మొదలవుతుంది. ఒక పుస్తకాన్ని ఈ అర నుంచి ఆ అరకి మార్చమని అడగడానికి మా లైబ్రరీలో ఏ ఫారమూ లేదు. పుస్తకం గురించి బయటివాళ్ళు నింపగలిగిన ఫారం ఒక్కటే ఉంది, అభ్యంతరం తెలిపే ఫారం. బూతు ఉందనో, పిల్లలు చెడిపోతారనో ఎవరైనా పుస్తకాన్ని తీసేయమంటే ఇచ్చేది. దాంట్లో ఒక సుగుణం ఉంది. ఫిర్యాదు తేలేవరకు ఆ పుస్తకాన్ని పారెయ్యడానికి వీల్లేదు, ఐదుగురి కమిటీ దాన్ని అట్ట నుంచి అట్ట వరకు చదివి తీరాలి. చూశారా, ఒకే దెబ్బకి పుస్తకానికి ప్రాణరక్ష, ఐదుగురు పాఠకులూనూ. నా తెలివికి నేనే మురిసిపోయాను. డైరెక్టరమ్మ ఆ వారం సెలవులో ఉన్నారు. ఫారం తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన నింపింది నాకిప్పటికీ కంఠతా వచ్చు. ఈ పుస్తకంలో మీకు అభ్యంతరమైనది ఏమిటి? ఎవరూ నవ్వడం లేదు. ఏ పేజీలో? నూట పన్నెండు, అక్కడ కూడా. దీనివల్ల పాఠకులకు కలుగుతున్న హాని? గౌరవం. పుస్తకం పూర్తిగా చదివారా? రాశాను. ఏం చర్య కోరుతున్నారు? యూదు అరలోంచి తీసెయ్యాలి.

సెలవు నుంచి వచ్చిన డైరెక్టరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, నన్ను ఒకసారి చూసి, నిబంధనల పుస్తకం తీశారు. రచయిత తన పుస్తకం మీద తాను ఫిర్యాదు చెయ్యకూడదని అందులో ఎక్కడా లేదు. చెయ్యొచ్చని కూడా లేదు. లేని చోట చెయ్యొచ్చనే అర్థమని లైబ్రరీ లాయరు చెప్పారు. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు మీటింగు దాకా బయటపెట్టకూడదని మాత్రం స్పష్టంగా ఉంది. కాబట్టి తలుపు మీద నోటీసు ఇలా పడింది: ఫలానా నవలను యూదు సాహిత్యం అరలోంచి తొలగించాలని ఒక నివాసి కోరారు, దీనిపై రెండు వారాల తర్వాతి శనివారం ఉదయం బహిరంగ సమావేశం.

ఇక చూడండి. సాయంత్రానికి ఊరు ఊరంతా భగ్గుమంది. యూదు పుస్తకాన్ని యూదు అరలోంచి పీకెయ్యమన్న ఆ దుర్మార్గుడెవడు? ఫోన్లు, ఈమెయిళ్ళు, ఇళ్ళముందు పచ్చికలో అట్టలు. "మా పుస్తకం జోలికి రావద్దు" అని ఒక అట్ట మీద నేనే చూశాను. ఆ ఇంట్లో వాళ్ళు ఆ పుస్తకాన్ని చదివి ఉండే అవకాశమే లేదు. మూడేళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్న సంగతి నాకూ కంప్యూటరుకూ తెలుసు. ఉన్న ఒక్క కాపీ ఇప్పుడు కమిటీ చేతుల్లో తిరుగుతోంది. నా పక్క బల్ల మీద పనిచేసే సహోద్యోగిని ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి. ఫోను పెట్టేసి, "ఈ ఊళ్ళో ఏ పుస్తకం మీదా ఇంత ప్రేమ చూడలేదు నేను. అన్నిటిమీదా ఫిర్యాదులు పెట్టిద్దామా?" అంది.

అందరికంటే గట్టి మనిషి ఒక పెద్దావిడ. ఎనభై పైనే ఉంటాయి, నిటారుగా నడుస్తుంది. రోజూ తలుపులు తెరవగానే మడతకుర్చీ తెచ్చుకుని నక్షత్రం అర ముందు వేసుకుని కాపలా కూర్చునేది. పుస్తకం అక్కడ లేదండీ అని చెప్పాను. "ఖాళీ ఉంది కదా, దాన్ని కాస్తాను" అంది. నేను మంచినీళ్ళు ఇస్తే తాగి, "నేను పుస్తకాల మనిషిని కాదు" అని కూడా అంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మన రచయితగారు వెనక తలుపులోంచి వచ్చి వెనక తలుపులోంచే వెళ్ళేవారు. జనం కోపానికి జడుస్తున్నారనుకున్నాను.

ఆయన వచ్చేది కమిటీ సంగతి తెలుసుకోవడానికి. ఒక్కొక్కరికి రెండేసి రోజుల గడువు. చదివినవాళ్ళు పుస్తకాన్ని నాకే ఇచ్చి వెళ్ళేవారు, నేను తర్వాతివాళ్ళకి పంపాలి.

"నవ్వాడా?" అనేవారు తలుపు సందులోంచి.

"కళ్ళు తుడుచుకున్నారండీ."

"నవ్వి నవ్వి నీళ్ళొచ్చాయేమో."

"ముక్కు కూడా చీదుకున్నారు."

"ముక్కంటే ఏడుపే" అని తల దించుకునేవారు.

మీలో కొందరికి అనుమానం వచ్చే ఉంటుంది, ఇంతకీ నువ్వు చదివావా అని. లేదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. కేటలాగింగ్ వాళ్ళం పుస్తకాలు చదవం, వెనక అట్ట చదువుతాం. ఆ అట్ట మీద వేదన అనే మాట మూడుసార్లుంది. తండ్రి కొన్న సమాధి స్థలాల దగ్గర ఇద్దరు అన్నదమ్ముల మధ్య పుట్టిన చీలిక అనీ ఉంది. ఇదేమిటండీ అంటే, "హాస్యాన్ని చెబితే చచ్చిపోతుంది, చదవాలి" అనేవారు. చదవడానికి పుస్తకం నా చేతిలో గంట కూడా నిలవలేదు.

శనివారం వచ్చింది. పార్కింగ్ చాలక కార్లు రోడ్డెక్కితే, సర్దడానికి పోలీసు కారు వచ్చింది. హాల్లో కుర్చీలు నిండిపోయి జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. వెనక వరసలో మాత్రం మనవాళ్ళు ఏడెనిమిది మంది హాయిగా కూర్చున్నారు. పిల్లల దగ్గర ఆర్నెల్లుండడానికి వచ్చిన తల్లిదండ్రులు. రోజూ పేపర్లు తిరగేయడానికి మా లైబ్రరీకి వచ్చేవారు. కాఫీ, బేగెల్స్ అనే గుండ్రటి రొట్టెలు పెడుతున్నారని తెలిసి మీటింగుకి వచ్చేశారు. కరీంనగర్ నుంచి వచ్చిన రిటైర్డ్ ఆర్టీసీ కంట్రోలరుగారు నన్ను చూసి చెయ్యూపారు. గుంటూరు టీచరమ్మగారు పర్సులో రెండు బేగెళ్ళు సర్దుతున్నారు, మనవడికి కాబోలు.

మొదట యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరు మాట్లాడారు. యూదు నవలల్లో హాస్యం మీద ఆయన జీవితమంతా పనిచేశారట. ఇందులో నవ్వులా కనిపించేది నవ్వు కాదని, తరతరాల గాయం మీద కట్టిన కట్టు అని అన్నారు. అందరూ తలలూపారు. రెండో వరసలో మన ఆయన, "ఆ గాయం ఎక్కడుందో చూపిస్తే డాక్టరు దగ్గరికి పోతాను" అని గొణిగారు. పక్కనున్నవాళ్ళు ఉష్ అన్నారు.

తర్వాత మడతకుర్చీ ఆవిడ లేచింది. మైకు వద్దంది.

"నాకు సాహిత్యం తెలీదు. నా భర్త పోయి ఆరేళ్ళైంది. ఆయన నడిచే తీరు, టోపీ పెట్టుకునే తీరు, హోటల్లో బిల్లు చూసి దగ్గే తీరు అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఫొటోల్లో ఆయన ఊరికే నిలబడి ఉంటాడు. ఆ పుస్తకంలో కదులుతాడు. దాన్ని దాని చోటునుంచి తీసెయ్యమన్నది ఎవరో, ధైర్యముంటే లేచి నిలబడమనండి."

రెండో వరసలో చేతికర్ర కదిలింది. ఆయన లేవడానికి చాలాసేపే పట్టింది.

"నేనే" అన్నారు.

"నువ్వా!" అంది ఆవిడ.

నా సహోద్యోగిని నా చెవిలో చెప్పింది. ఆవిడ ఆయనకి స్వయానా అన్నగారి భార్య, వదినగారు. పుస్తకం అచ్చయిన ఏడాది మరిదితో మాటలు మానేసింది. అన్నదమ్ములు మాట్లాడుకునేవారు, పండగలకి కలిసేవారు, ఆవిడ మాత్రం ఆయనకేసి చూసి ఉప్పు అందించమని కూడా అడగలేదట. తనని పుస్తకంలోకి ఎక్కించాడని కోపం అని ఊరంతా అనుకునేది. నలభై ఏళ్ళ తర్వాత ఆవిడ ఆయనతో అన్న మొదటి మాట మా మీటింగు హాల్లో, అదీ "నువ్వా" అని.

ఆయన తన మొర చెప్పుకున్నారు. అది హాస్యమని, తను హాస్యంగానే రాశానని.

"అది మీ అభిప్రాయం" అన్నారు ప్రొఫెసరు మర్యాదగా.

"పుస్తకం నాదండీ!"

"రాసేవరకే."

హాలంతా చప్పట్లు. వెనకనుంచి ఎవరో ఆవేశంగా, "నీలాంటివాడికి ఆ పుస్తకం విలువేం తెలుస్తుంది!" అని అరిచారు. మన ఆయన కూర్చుండిపోయారు. అంత చిన్నగా అయిపోయిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ ఫారం ఇచ్చిన నా చేతిని నరుక్కోవాలనిపించింది.

అప్పుడు డైరెక్టరమ్మ నిబంధనల పుస్తకం చూసి, అభ్యంతరం తెలిపిన పేజీని సభలో చదివి మినిట్స్‌లో ఎక్కించాలని ప్రకటించారు. ఎవరు చదవాలి? ఇటు రచయిత పక్షమూ కాదు, అటు పుస్తకం పక్షమూ కాదు, యూదులూ కాదు, ఆ పుస్తకం చదివిన పాపానా పోలేదు. అన్ని అర్హతలూ నాకే ఉన్నాయి. మైకు ముందు నిలబడి నూట పన్నెండో పేజీ తీశాను.

సంగతి ఇదీ. తండ్రి వరసగా ఐదు సమాధి స్థలాలు కొని పెట్టాడు. తనూ భార్యా పోను మిగిలేవి మూడు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, నలుగురు. ఎవరో ఒకరు దారికి అవతల, బయటివాళ్ళ వరసలోకి పోవాలి. అందరూ శ్మశానవాటిక ఆఫీసుకి వెళ్ళి చీట్లు వేసుకుంటారు. అవతలి స్థలం పెద్దకోడలికి వస్తుంది. అక్కడినుంచి చదివాను.

"నా పక్కన ఎవరున్నారు?" అని అడిగింది పెద్దకోడలు. గుమస్తా రిజిస్టరు తిప్పి, ఒక దర్జీ ఉన్నాడన్నాడు. "మగాడా?" అంది. "అవునమ్మా." "నేను పెళ్ళైనదాన్ని. పరాయి మగాడి పక్కన పడుకోమంటావా?" "అమ్మా, ఆయన పోయి పదకొండేళ్ళైంది." "అయితే? మగాడు మగాడే."

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు మూసుకుని గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. నేను తర్వాతి వాక్యంలోకి వెళ్ళబోయాను. గుమస్తా పెన్నుకి మూత పెట్టాడు, అని ఉంది. అది పైకి చదవలేకపోయాను.

మా నాన్న కరణం. నా చిన్నప్పుడంతా గట్టు తగాదాలే. జానెడు గట్టు కోసం ఒకే కంచంలో తిన్న అన్నదమ్ములు గొలుసు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు పట్టుకుని లాగడం, వాళ్ళ పెళ్ళాలు చీర కుచ్చిళ్ళు దోపుకుని గట్టుమీదే శాపనార్థాలు పెట్టుకోవడం కళ్ళారా చూశాను. అదంతా బతికుండగానే అనుకున్నాను ఇన్నాళ్ళూ. మా చిన్నత్తయ్య ఆ శ్మశానం ఆఫీసులో నిలబడి ఆ దర్జీ వివరాలు అడుగుతున్నట్టు కనిపించింది. అంతే. నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కున్నాను. లాభం లేదు. మైకులోకి నవ్వేశాను. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు, పొట్ట పట్టుకుని బల్ల మీదికి వాలిపోయాను. ప్రభుత్వ సమావేశం, మినిట్స్ రాస్తున్నారు, డైరెక్టరమ్మ మొహం పాలిపోయింది. ఈ నవ్వుకి తర్వాత నాకో మెమో వచ్చింది, సర్వీసు మొత్తం మీద అదొక్కటే.

"ఏమైందమ్మా?" అని వెనక వరసనుంచి కరీంనగర్ ఆయన కేకేశారు. "గంత నవ్వెందుకొచ్చింది? మాకూ జెర చెప్పరాదు!"

కళ్ళు తుడుచుకుంటూ మైకులోనే తెలుగులో చెప్పేశాను. అన్నదమ్ములు సమాధుల దగ్గర గట్టు తగాదా పడుతున్నారని, పెద్దకోడలు ఏమందో అదీను.

వెనక వరస పేలిపోయింది. కరీంనగర్ ఆయన తొడ చరుచుకున్నారు. గుంటూరు టీచరమ్మగారు మాత్రం ముందు నవ్వలేదు. "ఇందులో నవ్వడానికేముందమ్మా? ఆవిడన్నది నిజమేగా! పక్కన ఎవరున్నారో చూసుకోవద్దూ?" అన్నారు సీరియస్‌గా.

"అయితే నేను పోయాక కూడా నన్ను నమ్మవన్నమాట" అన్నారు వాళ్ళాయన.

"మిమ్మల్ని అసలు నమ్మను" అని ఆవిడా పడీ పడీ నవ్వారు.

ఆ ఇద్దరూ ఏమన్నారో హాల్లో మిగతావాళ్ళెవరికీ తెలియదు. కానీ భార్యాభర్తలు అలా పోట్లాడుకోవడం ఏ భాషలోనైనా తెలిసిపోతుందనుకుంటాను. ముక్కు చీదుకున్న కమిటీ పెద్దమనిషి పెదవులు వణికాయి. ఆయన పుస్తకం లాక్కుని ఆ పేజీ మళ్ళీ చూసి, "మగాడు మగాడే" అని పైకి చదివి, తల వెనక్కి వేసి నవ్వారు. తర్వాత గుండెల మీద చెయ్యి పెట్టుకున్నావిడ. తర్వాత అట్టలు పట్టుకున్నవాళ్ళు. తలుపు దగ్గర పోలీసాయన సంగతేమిటో తెలియకుండానే నవ్వుతున్నాడు.

నవ్వనివాళ్ళు ముగ్గురే. ప్రొఫెసరు నోట్స్ రాసుకుంటున్నారు. రచయిత నా మొహంకేసి కన్నార్పకుండా చూస్తున్నారు. వదినగారు ఒళ్ళో చేతులు పెట్టుకుని గోడకేసి చూస్తోంది.

కమిటీ ఓటు వేసింది. ఐదుగురూ ఒక్కటై ఫిర్యాదు కొట్టేశారు. పుస్తకం నక్షత్రం అరలోనే ఉండాలి, ఇంతమంది అడుగుతున్నారు కాబట్టి దాన్ని ఎప్పటికీ తీసెయ్యకూడదు. అంటే ఆయన ఓడిపోయారు, పుస్తకం గెలిచింది. చదవడానికి పేర్లిచ్చినవాళ్ళ వరస రిఫరెన్స్ డెస్కు దాటింది.

ఇన్నేళ్ళు స్టిక్కర్లు వేసినదాన్ని, నాకొకటి అర్థమైంది. మీకూ ఈ దేశంలో ఎవరో ఒక స్టిక్కరు వేస్తారు, ఏనుగో ఇంకోటో. దాన్ని పీక్కోవడానికి మీ శక్తంతా ఖర్చు చెయ్యకండి, ఎవరో ఒకరు లోపలి పేజీ తీసేదాకా ఆగండి. ఈ సలహా ఇస్తున్నది పేజీ తియ్యకుండా ఇరవై నాలుగేళ్ళు స్టిక్కర్లు వేసిన మనిషి అని కూడా గుర్తుపెట్టుకోండి.

జనం వెళ్ళిపోతున్నారు. నేను కుర్చీలు మడతపెడుతున్నాను. ఆయన కర్ర చప్పుడు చేసుకుంటూ నా దగ్గరికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది. మెడలో దండ వేయించుకున్నట్టున్నారు.

"ఏ లైనుకి?" అన్నారు.

"ఏమిటండీ?"

"ఏ లైనుకి నవ్వారు? కచ్చితంగా చెప్పండి. పెన్నుకి మూత పెట్టిన చోటా? ఆ వాక్యానికి నాకు నాలుగు వారాలు పట్టింది."

అబద్ధం చెప్పి ఉండాల్సింది. తట్టలేదు. "కాదండీ. మగాడు మగాడే అన్నదానికి."

ఆయన మొహంలో వెలుగు తగ్గిపోవడం చూశాను. తర్వాత తలుపు దగ్గర కోటు బొత్తాలు పెట్టుకుంటున్న వదినగారి దగ్గరికి నడిచారు. నేను కుర్చీ పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"జనం నవ్విన ఆ ఒక్క ముక్కా నేను రాసింది కాదు" అన్నారు. "ఆ రోజు ఆఫీసులో నువ్వన్నదే. నేను ఎత్తి రాశానంతే."

"తెలుసు" అంది ఆవిడ. "నేనా మాట అనగానే నువ్వు పక్కకి తిరిగి అరచేతి మీద రాసుకోవడం చూశాను. మామగారు కొన్న చోటు చూడ్డానికి పోయినచోట."

"అందుకేనా మాటలు మానేశావు? కోపంతో?"

"కోపమేంటి? నేను నోరు విప్పితే నువ్వు రాసేసుకుంటావు. పేరు నీకొస్తుంది. అందుకని మూసుకున్నాను." చివరి బొత్తాం పెట్టుకుంది. "ఈ నలభై ఏళ్ళలో నీ గురించి, నీ జిప్పుల గురించి, మీ అన్న గురించి ఎన్ని అనుకున్నానో నీకేం తెలుసు? ఒక్కటీ నీకు దక్కనివ్వలేదు. చూడు, రెండో పుస్తకం రాయగలిగావా?"

ఎనభై రెండేళ్ళ మనిషి, బడిలో లెక్క తప్పు చేసిన పిల్లాడిలా నిలబడిపోయారు. ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. చేతికర్ర చూసింది, తుంటి చూసింది. నిట్టూర్చి, అప్పుడే పెట్టుకున్న కోటు బొత్తాలు విప్పడం మొదలుపెట్టింది.

"కూర్చో. నిలబడలేవు నువ్వు. మీ అన్న ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో నర్సుతో ఏమన్నాడో నీకు ఎవరైనా చెప్పారా?"

"లేదు."

"ఎవరు చెబుతారు, నేనే కదా ఉన్నది."

నా చేతిలో కుర్చీ విప్పి ఆయన వెనక వేశాను, ఇంకోటి ఆవిడకి వేశాను. ఆవిడ మొదలుపెట్టింది. ఆయన కళ్ళు ఆవిడ మొహం మీదే ఉన్నాయి. కళ్ళు తిప్పకుండానే ఎడమచెయ్యి నా వైపు చాచి, వేళ్ళు ఆడించారు. బల్ల మీదున్న పెన్సిలు తీసి ఆ చేతిలో పెట్టాను.